వార్తల్లో పదం: బెలూన్ క్యాథెటర్

మణికట్టు దగ్గరో తొడ దగ్గరో రక్తనాళంలోకి ఎక్కించి గుండె దాకా పంపే సన్నని గొట్టమే బెలూన్ క్యాథెటర్. కొసన మడతపెట్టిన బెలూన్, పూడిక దగ్గర ఉబ్బి దారి తెరుస్తుంది. 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ గుండె ధమనిలో తొలిసారి ఈ పని చేశారు.

అసలు చిక్కంతా వంపుల్లోనే. ప్రధాన గుండె ధమనుల వ్యాసం సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లే. పైగా కోనసీమ పంట కాలువల్లా మెలికలు. గొట్టం బిరుసైతే మలుపు తిరగదు. మరీ మెత్తనైతే వెనక నుంచి ఎంత నెట్టినా ముందుకు సాగదు. అందుకే డాక్టరు చేతివైపు సన్నని స్టీలు గొట్టం, కొసవైపు మెత్తని పాలిమర్ వాడతారు. రెండూ కలిసేచోట చాలా రకాల్లో స్టీలును లేజర్‌తో మరచుట్టులా కోస్తారు. అక్కడ విరగకుండా వంగుతుంది. పైన తడి తగిలితే జారే పూత. బెలూన్‌కు వాడే పదార్థాల్లో పెట్ ప్లాస్టిక్ ఎక్కువ పీడనాన్ని ఓర్చుకుంటుంది కానీ బిరుసు. నైలాన్, పీబ్యాక్స్ తేలిగ్గా వంగుతాయి, పీడనం పెరిగితే కాస్త సాగుతాయి.

1990లలో హైదరాబాద్‌లో శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు కలిసి చవకైన స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే జాలి గొట్టం) తెచ్చారు. ఇప్పుడు అక్కడికి దగ్గర్లోని సుల్తాన్‌పూర్‌లో బెలూన్ క్యాథెటర్లూ తయారవుతున్నాయి. కోనసీమలోని రాజోలు నుంచి గుండెపోటు రోగిని కాకినాడకో రాజమండ్రికో తరలించాల్సి వస్తే దారిలోనే విలువైన సమయం పోతుంది. ఆపైన మొదటి బెలూనే వంపు దాటాలి. దాటకపోతే మరొకటి తెరవాలి, ఆలస్యమూ ఖర్చూ పెరుగుతాయి.