అమ్మబోయే ఇంటికి ఎంత ఖర్చు పెట్టాలి?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దోళ్లు. అమ్మి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో ఇల్లు అమ్ముకోవడమంటే చితికిపోయినట్టే లెక్క కాబట్టి దాని మీద సామెత కట్టడానికి ఎవరికీ మనసొప్పలేదేమో. ఇప్పుడట్ల కాదు. కొడుకు బెంగుళూరులో స్థిరపడ్డాడనో, కూతురి పెళ్లనో, కాలేజీ ఫీజులనో, ఆస్పత్రి ఖర్చనో మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్లలో ఇళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి. అమ్మే ప్రతి ఇంట్లోనూ రాత్రి భోజనాలయ్యాక జరిగే చర్చ ఒకటే: ఉన్నది ఉన్నట్టు అమ్మేద్దామా, కాస్త బాగుచేసి అమ్ముదామా?

మనం సివిల్ చదువుతున్నామని తెలిస్తే చాలు, ఆ ప్రశ్న మన మీదికే వస్తుంది. “ఏం నాయనా, ఇంజనీరింగు చదువుతా ఉండావు గదా, టైల్స్ మార్చమంటావా వద్దంటావా?” అని. మన ఎస్టిమేషన్ సబ్జెక్టు టైల్స్‌కు ఎంత అవుతుందో చెబుతుంది. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా లేదా అన్నది అందులో లేదు. డబ్బు అవసరమై అమ్మే మనిషి రిపేర్ల కోసం వడ్డీకి తెచ్చి రెండు లక్షలు పెట్టి, ధరలో రూపాయి కూడా పెరగకపోతే ఏమవుతుంది? అందుకే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు.

ఒక ఇంటి ధరలో రెండు ధరలు కలిసి ఉంటాయి. ఒకటి నేలది, ఇంకొకటి కట్టడానిది. కట్టడం ఏటేటా పాతబడుతుంది, దాని విలువ తరుగుతుంది. పాత ఇల్లు కూడా ఎక్కువ ధరకు అమ్ముడుపోతోందంటే ఆ పెరుగుదల చాలావరకు కింది నేలదే. పుంగనూరు పాత వీధుల్లో మట్టి గోడల మీద రాతి బండలు పరిచిన మిద్దె ఒకటి అమ్మకానికి ఉందనుకుందాం. చూడ్డానికొచ్చిన మనిషి గడప దాటకముందే సైటు ముఖం ఎన్ని అడుగులు, లోతెంత, ముందు రోడ్డు ఎంత వెడల్పు అని అడిగాడంటే ఆయన పడగొట్టి కట్టుకోవడానికి కొంటున్నాడన్నమాట. ఆ మిద్దెకు కొత్త ఫ్లోరింగు వేయిస్తే, పడగొట్టే కూలీలకు ఇంకొంత బరువు మోసే పని తప్ప ఎవరికీ లాభం లేదు. సర్వేయర్‌ను పిలిచి కొలతలు తీయించి, హద్దులు పక్కింటివాళ్ల ముందర ఖాయం చేసుకుంటే ఆ ఇంటికి అదే పెద్ద రిపేరు.

ఫ్లాటు సంగతి పూర్తిగా వేరు. నేలలో వాటా కొద్ది గజాలే, అదీ విడదీయడానికి వీల్లేని వాటా. కొనేవాళ్లు వచ్చే నెలలోనే పాలు పొంగించుకోవాలనే ఆలోచనతో వస్తారు. కాబట్టి నిలబడి ఉన్న నాలుగు గోడలే సరుకు. కుప్పంలో ఇంకో రకం కొనుగోలుదారు కూడా ఎదురవుతాడు. ద్రావిడ విశ్వవిద్యాలయం, మెడికల్ కాలేజీ, బెంగుళూరు రైళ్లు ఉన్న ఊరు కాబట్టి అద్దెకివ్వడానికి కొనేవాళ్లుంటారు. వాళ్లకు హాల్లో ఫాల్స్ సీలింగు మెరుపులు అక్కర్లేదు. పై వాటాకు వేరే కరెంటు మీటరుందా, మెట్లు బయటినుంచేనా, బాత్రూం విడిగా ఉందా అని చూస్తారు. ఒక మీటరు వేరు చేయించడానికయ్యే ఖర్చు వాళ్ల దగ్గర ధరలో కనబడుతుంది. అంటే మొదట తేల్చుకోవాల్సింది ఏం మార్చాలన్నది కాదు, ఎవరు కొంటారన్నది.

ఇక కొనేవాడి మనసులో ఏం జరుగుతుందో చూద్దాం. గోడ మీద చాపంత చెమ్మ మరక కనిపించిందనుకోండి. బాత్రూం పైపు జాయింటు ఒకటి మార్చి, గోడ ఆరాక పుట్టీ పెడితే పది వేలతో పోయే పని అనే అనుకుందాం. కొనేవాడు పది వేలు తగ్గించమని అడగడు. “ఇది పైకి కనబడేది, లోపల ఇంకెంత ఉందో” అనుకుంటాడు. లక్ష తగ్గించమంటాడు, లేదా మాట్లాడకుండా వెళ్లిపోతాడు. అదే కొనేవాడికి మీరు రెండు లక్షల మాడ్యులర్ కిచెన్ చూపిస్తే “బాగుందండీ” అంటాడు గానీ రెండు లక్షలు కలిపి ఇవ్వడు. వాళ్లావిడకు ఆ రంగు నచ్చకపోతే పీకించేదెట్లా అని ఆలోచిస్తాడు. అనుమానం తీర్చే ఖర్చుకూ అభిరుచి చూపించే ఖర్చుకూ ఉన్న తేడా ఇదే. మొదటిది చిన్నదైనా పెద్ద కోతను ఆపుతుంది. రెండోది పెద్దదైనా ధరను కొంచెమే కదుపుతుంది.

మన ప్రాంతంలో మొదటి అనుమానం నీళ్లు. మదనపల్లెలో ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు దేవుడి గది కంటే ముందు బోరు సంగతి అడుగుతారు. వేసవిలో ట్యాంకర్లకు డబ్బు కట్టిన ఊళ్లు మనవి. హంద్రీనీవా కాలువలో 2025 ఆగస్టులో కృష్ణా నీళ్లు కుప్పందాకా వచ్చినా ఆ భయం ఒక్క ఏడాదిలో పోదు. అందుకే మోటారు సరిగా పనిచేయడం, సంపు పగుళ్లు పూడ్చి కడిగించడం, మున్సిపల్ కుళాయి కనెక్షను బకాయి లేకుండా ఉండడం అన్ని సోకుల కంటే ముందు చూసుకోవాలి. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు కుళాయి తిప్పితే నీళ్లు ధారగా పడితే చాలు, సగం మాటలు మిగులుతాయి.

రెండోది చెమ్మ. మన క్లాసులో చదివింది పనికొచ్చేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. చెమ్మ కనబడిన చోటే దాని పుట్టుక ఉండదు. కింద గోడ అడుగున అడుగు ఎత్తు మేర తెల్లటి ఉప్పు పూత పూసి ప్లాస్టరు రాలుతుంటే నేలలోంచి తేమ పైకి ఎక్కుతోందని అర్థం. గోడ మధ్యలో మరక ఉండి దాని అవతల బాత్రూం ఉంటే పైపునో, టైల్స్ మధ్య సందులనో అనుమానించాలి. పై స్లాబు అడుగున మరకయితే మిద్దె మీదికెక్కి నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూడాలి. మిద్దెకు పది అడుగులకు అంగుళం చొప్పునైనా వాలు ఉండాలి. ఎండాకాలంలో చూస్తే అన్ని ఇళ్లూ పొడిగానే ఉంటాయి. అక్టోబరు, నవంబరు తుపాను వానల్లో అసలు రంగు బయటపడుతుంది.

ఖర్చు లేని పరీక్షలు కొన్ని ఉన్నాయి. మరక మీద పారదర్శక ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం లోపలివైపు, అంటే గోడ వైపు, నీటి బొట్లు పడితే తేమ గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే సరిపోవచ్చు. బాత్రూంలో నీళ్లు పోయే జాలీని గుడ్డతో మూసి, అంగుళం ఎత్తు నీళ్లు నింపి ఒక రోజు ఉంచి, కింది ఇంటి సీలింగు చూడండి. దానికి ముందు కింది వాళ్లకు ఒక మాట చెప్పండి, లేకపోతే రిపేరు కంటే గొడవ పెద్దదవుతుంది. పగులు ఉంటే దాని రెండు కొనల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. రెండు నెలల్లో పగులు ఆ గీతలు దాటిపోకపోతే, వెడల్పు పెరగకపోతే, అది ప్లాస్టరు పగులే కావచ్చు. దాటితే స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి.

స్లాబు పెచ్చులు ఊడి, తుప్పు మరకతో కమ్మీ కనిపిస్తుంటే మాత్రం అది పెయింటుతో పోయే పని కాదు. ఇనుము తుప్పు పట్టినప్పుడు దాని పరిమాణం రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా పెరుగుతుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి రాలుతుంది. పైన సిమెంటు పూసేస్తే లోపల తుప్పు ఆగదు, మళ్లీ రాలుతుంది. వదులుగా ఉన్నదంతా కొట్టేసి, కమ్మీని శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత పూసి, ఆ తర్వాతే పాలిమర్ మోర్టారుతో పూడ్చాలి.

మా చిన్నాయన మదనపల్లెలో పై అంతస్తు ఫ్లాటు అమ్మాలనుకున్నప్పుడు ఇంటీరియర్ కుర్రాడొకడు రంగుల బొమ్మలతో పెద్ద ఎస్టిమేటు తెచ్చిచ్చాడు. కొత్త వంటిల్లు, ఫాల్స్ సీలింగు, బెడ్‌రూం గోడకు వాల్‌పేపరు. ఫాల్స్ సీలింగు ఎందుకంటే, స్లాబు మీది మరక కనబడకుండా! చిన్నాయన ఆ కాగితం మడిచి పక్కన పెట్టి అసోసియేషన్ మీటింగుకు పోయినాడు. మిద్దె అందరిదీ కాబట్టి వాటర్‌ప్రూఫింగు ఖర్చు అందరూ పంచుకోవాలని రెండు నెలలు వాదించినాడు. కింది అంతస్తుల వాళ్లు “మాకేం కారడంలేదే” అన్నారు. చివరికి ఒప్పుకున్నారు. మిద్దె పని అయ్యాక, ఒక వాన చూసి, గోడలు ఆరాక ఇల్లంతా లేత రంగు ఒకటే వేయించినాడు. ఊడిన గడియలు, కాలిపోయిన బల్బులు, కిర్రుమనే తలుపులు ఒక్క ఆదివారం పనితో సరిపోయాయి. వంటింటి గ్రానైటు బండను మార్చలేదు, పాలిష్ పట్టించినాడు. కుప్పం గ్రానైటు ఇంత దగ్గర్లో పెట్టుకుని బాగున్న బండను పీకేయడమేంది అని ఆయన వాదన. నాకది సబబే అనిపించింది.

ఈ లెక్క మన దగ్గరే కాదు. అమెరికాలో ఏ మార్పుకు ఎంత ఖర్చు, అమ్మితే ఎంత తిరిగొస్తుంది అని ఏటా ఒక నివేదిక వస్తుంది. 2024 నివేదికలో గ్యారేజీ తలుపు మార్చడానికి మొదటి స్థానం వచ్చింది. ఖర్చుకు దాదాపు రెట్టింపు తిరిగొస్తుందట. అత్యంత ఖరీదైన వంటింటి మార్పుకు సగం కూడా రాదట. మనకు గ్యారేజీ తలుపులు లేవు గానీ గేటు ఉంది, సింహద్వారం ఉంది. అవి తుడిచి రంగు వేయడం చౌకైన పని.

వాస్తు గురించి ఒక్క మాట. అమ్మే ముందు ద్వారం దిక్కు మార్చేవాళ్లు, మెట్లు పగలగొట్టి ఇంకోవైపు కట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. కొనేవాడు తన సిద్ధాంతిని తానే తెచ్చుకుంటాడు, ఇద్దరు సిద్ధాంతుల మాట ఒకటైన సందర్భం నేనింతవరకు చూడలేదు.

గోడల కంటే కాగితాల రిపేరు ముఖ్యమైన ఇళ్లూ ఉంటాయి. తాత పేరు మీదున్న ఇంటిపన్ను, చనిపోయిన నాయన పేరు మీదున్న కరెంటు మీటరు, సంతకం పెట్టాల్సిన మేనత్త, ఇవన్నీ బేరం కుదిరాక బయటపడితే అడ్వాన్సు వెనక్కి పోతుంది. ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు వరుసగా పెట్టుకోవడం, ఫ్లాటయితే అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న కాగితం తీసుకోవడం కొత్త టైల్స్ కంటే చౌక. కొనేవాడు బ్యాంకు లోనుకు పోతే బ్యాంకు ఇంజనీరు వచ్చి ప్లాను అప్రూవల్‌తో పోల్చి చూస్తాడు. బాల్కనీ మూసి కట్టిన గది మీకు గదే, ఆయనకు మాత్రం అనుమతి లేని కట్టడం. అమ్మే ముందు అట్లాంటి గది కొత్తగా కట్టడం చేతులారా చిక్కు తెచ్చుకోవడమే.

ఇక మరక మీద రంగు కొట్టి, వాన రాకముందే రిజిస్ట్రేషన్ చేసేద్దామనే ఆలోచన. చాలామందికి ఇది తెలివిగా కనబడుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసిన, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షను మోసంగానే లెక్కిస్తుంది. అవతల కొనేవాడు కూడా మనలాంటి ఇంటి నుంచే, అప్పు చేసి వస్తున్నాడు. రిపేరుకు డబ్బు లేకపోతే అదే మాట చెప్పి, మేస్త్రీ ఇచ్చిన ఎస్టిమేటు చేతిలో పెట్టి, ఆ మేరకు ధర తగ్గించండి. ఎస్టిమేటు కాగితం ఉంటే లోపలింకెంత ఉందో అన్న భయానికి ఒక అంకె దొరుకుతుంది, బేరం ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. రిపేరు చేయించి ఉంటే పనికి ముందు, తర్వాత తీసిన ఫొటోలు, బిల్లులు చూపించండి.

ఆ బిల్లులతో ఇంకో పని కూడా ఉంది. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద 2024 జూలై 23 నుంచి 12.5 శాతం పన్ను. ఆ తేదీకి ముందే కొన్న ఇల్లయితే, పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్కన తక్కువ వచ్చే పక్షంలో అంతే కట్టే వెసులుబాటు ఇక్కడి నివాసులకు ఉంది. గది పెంచడం, పై అంతస్తు వేయడం లాంటి శాశ్వతమైన మార్పుల ఖర్చును లాభంలోంచి తీసేయవచ్చు. మామూలు రంగులకు, చిల్లర మరమ్మతులకు ఆ సదుపాయం లేదు. కాబట్టి మేస్త్రీ చేత రెండూ ఒకే చీటీ మీద రాయించుకోకుండా విడివిడిగా బిల్లులు తీసుకోండి, రిజిస్ట్రేషన్ అయిపోయింది గదా అని రిటర్ను వేయకముందే వాటిని పాత పేపర్ల కట్టలో పడేయకండి.