పరిశుద్ధ పాట్రిక్ పండుగ

ఐర్లండు దేశీయులు ప్రతి సంవత్సరమును మార్చి నెల 17వ తేదీని పరిశుద్ధ పాట్రిక్ పండుగ జరుపుకొందురు. ఆ దినమున ఆకుపచ్చని ఉడుపులు ధరించుటయు, మూడేసి యాకులుగల షామ్రాక్ అను చిన్న మొక్క రెమ్మను ఱొమ్మున గ్రుచ్చుకొనుటయు, వాద్యములతో వీధుల వెంట నూరేగుటయు లోకవిదితములే. అయితే యీ పాట్రిక్ ఐర్లండున బుట్టినవాడు కాడనియు, ఆ దేశమునకు మొదట బానిసగా గొనిపోబడినవాడనియు నెఱిగినవారు కొలదిమంది. కావున మున్ముందు అతని వృత్తాంతమునే చెప్పెదము.

పాట్రిక్ క్రీస్తుశకము 5వ శతాబ్దమువాడు, బ్రిటను దీవివాడు. తండ్రి సంఘమునందు డీకను, తాత పాదిరి. ఇంచుమించు 16 ఏండ్ల ప్రాయమున, ఐర్లండునుండి వచ్చిన దోపిడిగాండ్రు అతనిని బహుజనులతో గూడ చెఱపట్టిరి. ఆరు సంవత్సరములు అచ్చట మందలను గాచెను. మంచులోను వానలోను తెల్లవారకమునుపే లేచి ప్రార్థించుచుండెడివాడనని తానే వ్రాసికొనెను. తుదకు పాఱిపోయి, 200 మైళ్ళు ప్రయాణముచేసి, ఓడయెక్కి, కొంతకాలమునకు స్వజనులను జేరెను. కథ అంతటితో ముగిసినచో పండుగయే లేకపోయెడిది. తన్ను దాసునిగా నుంచుకొన్న ప్రజలయొద్దకే అతడు బిషప్పై మరల పోయెను.

అతని వ్రాతలు రెండే మనకు దక్కినవి. ఒకటి స్వీయవృత్తాంతము. రెండవది కొరోటికస్ అను దొర సైనికులనుగూర్చిన లేఖ. క్రొత్తగా బాప్తిస్మము పొంది యింకను తెల్లని వస్త్రములు విడువనివారిపై ఆ సైనికులు పడి, కొందఱిని జంపి, కొందఱిని చెఱగొనిపోయిరి. చెఱలోనివారిని విడువుడని పాట్రిక్ యొక పాదిరిచేత జాబు పంపగా, వారు నవ్విరి. అప్పుడతడు, వారు పశ్చాత్తాపపడి బందీలను విడుచువఱకు ఎవరును వారితో గూడి అన్నపానములు పుచ్చుకొనరాదని వ్రాసెను. బానిసతనము ననుభవించినవాడు వ్రాసిన యీ లేఖ, మా దృష్టికి, పాముల కథకంటె మిక్కిలి గొప్పది.

పాట్రిక్ పాములన్నిటిని సముద్రములోనికి దఱిమెనని జనులు చెప్పుకొందురు. ఆ దీవిలో పాములు లేవన్నమాట నిజమే. మంచుయుగము గడచిన పిమ్మట సముద్రము అడ్డుపడుటచేత అవి అచ్చటికి చేరనేలేదు. పాట్రిక్ పుట్టకమునుపే, 3వ శతాబ్దమున, సొలైనస్ అను రోమీయ గ్రంథకర్త యీ సంగతిని వ్రాసియుండెను. షామ్రాకును జూపి త్రిత్వమును బోధించెనన్న కథయు 18వ శతాబ్దమునకు బూర్వపు వ్రాతలలో గానరాదు. షామ్రాకును ధరించు వాడుకమాత్రము అంతకు కొంచెము ప్రాతది; 1681లో థామస్ డైన్లీ అను ఆంగ్ల యాత్రికుడు దానిని జూచి వ్రాసెను.

ఈ పండుగ శ్రమకాలము నడుమ వచ్చును గనుక, ఆ యొక్కదినమున ఉపవాసనియమములు సడలించెడివారు. పూర్వము బాలురు కాగితపు సిలువలను, బాలికలు పట్టునాడల సిలువలను ధరించెడివారు. రైతులు బంగాళాదుంపలు నాటుటకు దీనినే గుఱుతుగా బెట్టుకొనిరి. 1903లో చట్టముచేత సెలవుదినమయ్యెను. స్వతంత్రరాజ్య మేర్పడిన పిమ్మట ఆ దినమున మద్యపుకొట్లు మూయవలెనని శాసించిరి. ఆ నిర్బంధము 1960 ప్రాంతమువఱకు సాగెను. నేడు విదేశీయులు ఇది త్రాగుడు పండుగ యనుకొనుట వింత కాదా!

ఊరేగింపులు స్వదేశమునకంటె పరదేశమున బలపడినవి. న్యూయార్కునందు 1762లోనే ఊరేగింపు జరిగెను. 1845 మొదలు కొన్నియేండ్లు బంగాళాదుంపల పైరు తెగులుచేత జెడి, ఐర్లండున సుమారు పదిలక్షలమంది చనిపోయిరి. అంతకు మించినవారు ఓడలెక్కిరి. క్రొత్తదేశమున హీనముగా జూడబడిన ఆ వలసజనులే, మేమును మనుష్యులమని చాటుటకు ఏటేట వీధులకెక్కిరి. వారి సంతతివారున్న చికాగో పట్టణమున 1962 మొదలుకొని యీ పండుగకు నదీజలమునకే ఆకుపచ్చరంగు కలుపుచున్నారు.