యెండ తక్కువ, వుక్క యెక్కువ

బందరు పిల్లను అనంతపురం యిస్తే, వేసవి వచ్చేసరికి యింట్లో ఓ వాదం తప్పదు. నా అనుభవం మీద చెపుతున్నాను. "మా వూర్లో నలభై దాటింది" అని అత్తగారు గొప్పగా చెప్పుకుంటారు. ఆ రోజు బందరులో ముప్ఫైనాలుగే. కాని ఆవిడే మా పుట్టింట్లో రెండు రోజులుండేసరికి, చీరె వొంటికి అంటుకుపోయి, "యేమమ్మా, మీ వూర్లో యెండే లేదు, ప్రాణం మాత్రం పోతా వుంది!" అన్నారు.

మరి ధర్మామీటరు అబద్ధమాడుతోందా, వొళ్ళు అబద్ధమాడుతోందా? రెండూ నిజమే చెపుతున్నాయి. సంగతులే వేరు.

సాక్ష్యం పెరట్లో దండెం మీదే వుంది. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం ఆరేసిన చీరె చూస్తూండగానే పెళపెళలాడుతుంది. బందరులో అదే చీరె అంచులు సాయంత్రానికీ చెమ్మగానే వుంటాయి. జాడీలో వుప్పు నీరుకారుతుంది, డబ్బాలో వడియాలు మెత్తబడతాయి. కొత్త కుండలో నీళ్ళు అక్కడ జిల్లుమంటాయి. యిక్కడ యేదో చల్లబడ్డాయనిపిస్తాయి, అంతే. అప్పటికే తేమతో వున్న గాలి కొత్త ఆవిరిని త్వరగా తీసుకోదు మరి.

మన వొళ్ళూ అలాంటి కుండే. చెమట పట్టినందువల్ల చల్లబడం. అది ఆరినందువల్ల చల్లబడతాం. ఒక గ్రాము నీరు చర్మం మీంచి ఆవిరయ్యేటప్పుడు దాదాపు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. ఆరకుండా బొట్లుబొట్లుగా కారిపోయిన చెమట వృథా. వొంట్లో నీరూ, వుప్పూ పోతాయి, వేడి మాత్రం పోదు.

ఈ తేడాను కొలవడం కష్టమేమీ కాదు. ధర్మామీటరు గుండుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే, నీరు ఆరుతున్నకొద్దీ అంకె దిగుతుంది. గాలి వేడి 40 డిగ్రీలు, తేమ నూటికి 20 వుంటే, తడి ధర్మామీటరు సుమారు 22కు దిగుతుంది. వేడి 34, తేమ 70 అయితే 29 దగ్గరే ఆగిపోతుంది. మా అత్తగారి ఫిర్యాదంతా ఆ యేడు డిగ్రీల్లో వుంది!

నిరుడు మా తమ్ముడు నాన్నగారి గదిలో నీళ్ళ కూలరు పెట్టించాడు. ఆయనకు డెబ్భైయెనిమిదేళ్ళు. చల్లదనం బయటికి పోకుండా తలుపులూ కిటికీలూ బిగించమని అమ్మినవాడే చెప్పాడట. పొడిగాలి వున్న వూళ్ళో కూడా కూలరుకు కిటికీ తెరిచే వుండాలి. బందరులో మూసిన గదిలో పెడితే అది తేమను పోగుచేసే యంత్రం. గంట గడిచేసరికి గదంతా వుడుకుపట్టింది. నాన్నగారు పిలిస్తే ఆలస్యంగా పలికారు. మరదలు గాభరాపడి కిటికీలన్నీ తీసింది. నీళ్ళ మోటారు ఆపి, వుత్త ఫాను తిప్పి, తడిగుడ్డతో వొళ్ళంతా తుడిస్తే అరగంటకు తేరుకున్నారు. పెద్దవాళ్ళకు చెమటా తక్కువే, దాహమూ సరిగా తెలియదు. వాళ్ళు అడగలేదు కదా అని వూరుకోకూడదు.

వేడినీ తేమనూ కలిపి వొంటికి యెంత తోస్తుందో 1979లో స్టెడ్మన్ అనే పరిశోధకుడు లెక్కకట్టాడు. దాని ఆధారంగా అమెరికా వాతావరణశాఖ వేసిన పట్టికలో, 32 డిగ్రీల వేడి నూటికి 40 తేమలో 33 లాగే వుంటుంది. తేమ 70 అయితే 41 లాగ తోస్తుంది. అదీ నీడలోని మాట. మన వాతావరణశాఖ కూడా 2023 నుంచి యిలాంటి పటాలను ప్రయోగాత్మకంగా యివ్వడం మొదలుపెట్టింది. వడగాలులు ప్రకటించాలంటే మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు వుండాలి. సముద్రతీరానికి 37 చాలు.

యిదంతా విని పొడియెండను తేలిగ్గా తీసుకుంటారేమో! 2015 మేలో ఆంధ్ర, తెలంగాణాల్లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. అక్కడ చెమట కనపడకుండానే ఆరిపోతుంది గనక నీరెంత పోయిందో మనిషికి తెలియదు. గాలి నలభై దాటినప్పుడు పొడి వొంటి మీద ఫాను తిప్పితే వేడినే విసిరినట్టు. ముందు వొళ్ళు తడుపుకోవాలి. తీరం వాళ్ళకు యీ బాధ లేదనుకోకండి. రోహిణికార్తెలో పడమటిగాలి బలంగా వీచి, సముద్రపుగాలి ఆలస్యమైన రోజున బందరూ అనంతపురమైపోతుంది.

వుప్పు వేసిన పల్చటి మజ్జిగ రెండు వూళ్ళకూ మంచిదే. కాని మనిషి మాట తడబడినా, తెలివి తప్పినా, చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అని కూర్చోవద్దు. నీడకు చేర్చి, వొళ్ళంతా తడిపి, విసురుతూనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తెలివిలేని మనిషి నోట్లో మాత్రం మజ్జిగ గాని, నీళ్ళు గాని పొయ్యకండి.