ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్: పేచీ ఎక్కడ?

దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి, జేఎన్‌యూకి దగ్గర్లో ఉన్న బేర్ సరాయ్ పోటీ పరీక్షల పుస్తకాలకు పేరుపడ్డ చోటు. అలాంటి పరీక్షల్లో ఒకటైన గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ముఖ్యమైన పాఠం. దాన్ని చేసి చూసి నేర్చుకోవాలనుకునే విద్యార్థులు విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే లినక్స్‌నూ ఎక్కించుకుంటారు. చిక్కులు అక్కడే మొదలవుతాయి.

ముందుగా తేడా చేసేది గడియారం. రాత్రి తొమ్మిదింటికి లినక్స్ ఆపి విండోస్ తెరిస్తే, మధ్యాహ్నం మూడున్నర అని చూపించవచ్చు. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిందేమోనని అనుమానం వస్తుంది. కానీ తేడా ఎప్పుడూ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలే. మదర్‌బోర్డు మీది గడియారంలో విండోస్ స్థానిక సమయాన్ని రాస్తుంది. లినక్స్ మాత్రం సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని రాస్తుంది. మన సమయానికి ఆధారం ఆంధ్రప్రదేశ్ మీదుగా కూడా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. గంటకు 15 డిగ్రీల లెక్కన అది ఐదున్నర గంటలు. గడియారం చెడలేదు, దాన్ని చదివే పద్ధతులే రెండు. ఏదో ఒక పద్ధతికి రెండింటినీ ఒప్పిస్తే సరి.

రెండో చిక్కు ఇంకా ప్రమాదకరమైనది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన మూలభాగమైన కెర్నెల్ స్థితిని డిస్క్ మీద దాచుకుని, మళ్లీ తెరిచినప్పుడు అక్కడి నుంచే కొనసాగుతుంది. ఈలోగా లినక్స్ విండోస్ ఉన్న డిస్క్ భాగంలో ఏదైనా రాస్తే, విండోస్ దాచుకున్న లెక్కకూ డిస్క్ మీద ఉన్నదానికీ పొంతన కుదరదు, ఫైళ్లు పాడవుతాయి. అందుకే లినక్స్ ఆ భాగాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. బలవంతంగా రాయించడం కంటే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయడమే క్షేమం.

మూడోది భద్రత. ల్యాప్‌టాప్ ఏ క్రమంలో మొదలవుతోందో టీపీఎం అనే భద్రతా చిప్ కొలిచి గుర్తుపెట్టుకుంటుంది. లినక్స్ వచ్చి ఆ క్రమం మారితే, విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ అనుమానించి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత, నమ్మదగిన బూట్ ప్రోగ్రాములనే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఉన్న కొన్ని యంత్రాల్లో లినక్స్ అసలు మొదలుకాలేదు. పాత బూట్ ప్రోగ్రాముల లోపాలను అడ్డుకోవాలని తెచ్చిన నిబంధన, రెండు వ్యవస్థలున్న యంత్రాలకూ వర్తించేసింది.

ఈ మూడింటికీ మూలం ఒకటే. ఒకే గదిని పగలొకరు, రాత్రొకరు వాడుకుంటూ ఎన్నడూ ఎదురుపడని అద్దెదారుల్లాంటివి ఈ రెండు వ్యవస్థలు. ఒకటి నడిచేటప్పుడు రెండోది ఉండదు. గడియారం, డిస్క్, బూట్ క్రమం మాత్రం ఇద్దరివీ.

కాబట్టి లినక్స్ ఎక్కించే ముందే ఫైళ్లకు మరో డ్రైవ్‌లో నకలు తీసుకోండి, రికవరీ కీని కాగితం మీద రాసుకోండి, ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. పరీక్ష దగ్గరపడి ఉంటే విండోస్ లోపలే వర్చువల్ మెషీన్‌లో లినక్స్ నడపండి. పాఠం నేర్చుకోవడానికి అది చాలు, ఉన్న డిస్క్ భాగాలను కదిలించాల్సిన పనీ ఉండదు.