విష్ణుక్రాంత: గుర్తించుట, పెంచుట

భాద్రపద శుద్ధ చవితినాడు వినాయకునికి సమర్పించు 21 పత్రులలో విష్ణుక్రాంత 11వది. పూజ చేయించువారు ఆ పేరు చదువుదురు. ఇంటివారు పళ్ళెములోని ఆకులలో చేతికి వచ్చినదానిని తీసి ప్రతిమ ముందుంచుదురు. అది విష్ణుక్రాంతయేనా యని అడిగినచో రూఢిగా చెప్పగలవారు నేడు మన గ్రామములలో అరుదైరి. పత్రిని కట్టలు కట్టి అమ్మువారిలోను తెలిసినవారు కొందరే. ఇందులో విచిత్రమేమనగా, ఈ మొక్క ఏ మారుమూల అడవిలోనో దాగియున్నది కాదు. పాఠశాల వెనుకనున్న మొరపనేల మీద, చెరువుగట్టు వెలుపలి వాలున, పశువులు మేయు బీడులో, శ్మశానమునకు పోవు బాట ప్రక్కన నేలకు అంటుకొని ప్రాకుచుండును. ఈ స్థలములన్నియు పంచాయతీ కనుసన్నలలో నున్నవే. కావుననే దీనిని గూర్చి పంచాయతీ సభ్యులకు ప్రత్యేకముగా వ్రాయుచున్నాము.

మొదట పేరు సంగతి తేల్చుకొనవలెను. చిక్కంతయు పేరులోనే యున్నది. విష్ణుక్రాంత అనగా విష్ణువు అడుగిడినది యని అర్థము. సంస్కృత నిఘంటువులలో ఈ పేరును కొందరు శంఖపుష్పపు తీగకు, అనగా మనము దింటెన యనుదానికి కూడ చెప్పియున్నారు. ఆయుర్వేద వైద్యులు వాడు శంఖపుష్పి మరియొక మొక్క. అయినను మూలికల అంగళ్ళలో విష్ణుక్రాంతను, దింటెనను కూడ శంఖపుష్పి పేరుతోనే అమ్ముట కలదు. ఇట్లు మూడు మొక్కలకు రెండు పేర్లు కలగాపులగమైనవి. ఇది చాలదన్నట్లు, నర్సరీలలో పెద్ద నీలిపూలు పూయు బ్రెజిలు దేశపు మొక్క నొకదానిని విష్ణుక్రాంత యని చెప్పి కుండీలలో అమ్ముచున్నారు. అది అందమైన మొక్కయే, విష్ణుక్రాంతకు దాయాదియే. కాని విష్ణుక్రాంత మాత్రము కాదు.

అసలైన విష్ణుక్రాంత తూటికూర, చిలగడదుంప, కాశీరత్నము మొదలగువాని కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబములోని తీగలు పెక్కు దేనినో ఒకదానిని చుట్టుకొని పైకి పోవును. ఇది చుట్టుకొనదు. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీని జాతికి పెట్టిన ఎవాల్వ్యులస్ అను లాటిను పేరునకు చుట్టు విప్పుకొన్నదను భావము గలదు. మొక్కను చూచినవారికి ఆ పేరు ఎంత తగినదో వెంటనే తెలియును. ఒక గట్టి వేరుమొదలు నుండి దారములవంటి సన్నని కొమ్మలు నాలుగు దిక్కులకు, జానెడు మొదలు మూరెడు వరకు, నేలమీద పరచుకొనును. కొనలు మాత్రము కొంచెము తల యెత్తియుండును. ఏటికేడాది మొలచి చచ్చు మొక్క కాదు. ఎండకాలములో కొమ్మలు ఎండిపోయినను వేరుమొదలు బ్రతికియుండి, తొలకరి వానలకు మరల చిగిర్చును.

ఆకులు చిన్నవి, కోలగా నుండును, అంగుళమునకు మించవు, కాడ ఉన్నదా లేదా యన్నంత పొట్టిది. కొమ్మలమీదను ఆకులమీదను పట్టువంటి నూగు ఉండును. ఉదయపు ఎండలో వంగి చూచినచో మొక్కయంతయు కొంచెము వెండిచాయగా మెరయుటకు కారణమిదే. ఆకు మొదట నుండి వెంట్రుకవలె సన్నని కాడ యొకటి ఆకును మించి పొడవుగా వచ్చి, దాని చివర ఒకటి రెండు పూలు పూయును. పువ్వు చిన్న చక్రమువలె విచ్చుకొనును. అడ్డముగా కొలిచినచో ఒక సెంటీమీటరునకు లోపే. రంగు తేట నీలము, నడుమ తెలుపు. అరుదుగా తెల్లని పూలు పూయు మొక్కలును కనబడును. రేకులు విడివిడిగా నుండక అన్నియు కలిసి ఒకే పళ్ళెరమువలె నుండును. కాయ మిరియపుగింజ కంటె చిన్నది, గుండ్రనిది. పండినపుడు కాడ క్రిందికి వంగును. కాయ నాలుగు పలుకులుగా విచ్చి సాధారణముగా నాలుగు గింజలను రాల్చును.

వెదకబోవువారు ఒక సంగతి మరువరాదు. ఈ పువ్వు ఉదయమున విచ్చి, మధ్యాహ్నము దాటునప్పటికి ముడుచుకొనిపోవును. సాయంకాలము తీరికగా పోయి వెదకి, మా ఊరిలో లేదని తిరిగివచ్చినవారు కలరు. ప్రొద్దు పొడిచిన తరువాత రెండు మూడు గంటలలోపల పోయి చూడవలెను. వానకాలమును, దాని వెనుక వచ్చు చలికాలపు తొలి దినములును మంచి సమయము.

దీనివలె కనబడి భ్రమ కలిగించునవి కొన్ని కలవు. వెన్నదేవికూర పూవును నీలమే. కాని దానికి పైకి కనబడు పెద్ద రేకులు రెండే. కాడ నీరుతో కండగలిగి యుండును. ఆకు మొదలు కాడను గొట్టమువలె చుట్టియుండును. ఒకసారి పోల్చి చూచినవారు మరల పొరబడరు. దింటెన సంగతి యింకను తేలిక. అది పైకి ప్రాకు తీగ, చిక్కుడు జాతికి చెందినది; ఒక్కొక్క ఆకుకు ఐదు మొదలు ఏడు చిట్టి ఆకులుండును, చదునైన కాయ కాయును. నిజముగా తికమక పెట్టునది విష్ణుక్రాంతకు తోబుట్టువైన మరియొక ప్రాకుడు మొక్క. అది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతముల నుండి వచ్చి మన పచ్చిక బయళ్ళలో స్థిరపడినది. దాని ఆకులు నాణెములవలె గుండ్రముగా నుండును, పూలు తెల్లనివి, కొమ్మ నేలను తాకిన ప్రతి కణుపు వద్దను వేరు దిగును. విష్ణుక్రాంతకు కణుపుల వద్ద వేరు దిగదు. కావున అనుమానము కలిగినచో కొమ్మ కొననొకదానిని మెల్లగా పైకెత్తి చూడవలెను. నేలను విడిచి సులభముగా లేచివచ్చినచో విష్ణుక్రాంత కావచ్చును. కణుపు కణుపునకు పట్టుకొనియున్నచో కానేకాదు. నర్సరీలో అమ్ము బ్రెజిలు మొక్కకు పూలు దీనికంటె రెండింతలకు పైగా పెద్దవి. అవి పొడవైన కాడల మీద గాక, కొమ్మ చివరి ఆకుల నడుమ ఒదిగి పూయును.

ఈ మొక్క మన దేశమునకే పరిమితమైనది కాదు. భూమధ్యరేఖకు ఇరుప్రక్కల నున్న వెచ్చని దేశములలో అనేకముల యందు పెరుగుచున్నది. కేరళీయులు పవిత్రముగా నెంచు దశపుష్పములలో ఇది యొకటి. అచ్చటి స్త్రీలు తిరువాదిర పండుగనాడు ఆ పది పుష్పములను సిగలో ధరింతురు. జ్ఞాపకశక్తికని, జ్వరములకని దేశీయ వైద్యములో దీనిని చిరకాలముగా వాడుచున్నారు. అయితే, పేర్లు ఇంతగా తారుమారైన మొక్కను ఎవరో చెప్పిరని నూరి త్రాగుట క్షేమము కాదు. ఔషధము సంగతి వైద్యునికే విడిచిపెట్టవలెను. తోటలో పెంచుటకును, పూజకు కోసుకొనుటకును ఆ చిక్కు లేదు.

ఇక మన చేతులలో నున్న విషయమునకు వత్తము. మూలికల వర్తకమునకు ఈ మొక్కను వేరు, కొమ్మ, ఆకు, పువ్వు, కాయలతో సహా సమూలముగా పెరుకుదురు. చవితి పత్రికి పోవువారును తరచు అట్లే చేయుదురు. నేలకు అంటుకొనిన మొక్కను కోయుటకంటె లాగుట తేలిక కదా. చవితి వచ్చునది సరిగా వానకాలపు నడుమ. మొక్క పూతమీద నుండును, గింజ యింకను పండియుండదు. అప్పుడు పెరికిన మొక్క తాను పోవుటయే గాక మరుసటి సంవత్సరపు సంతతిని కూడ తీసికొనిపోవును. ఒకే బీడులో ఏటేట ఇట్లు జరిగినచో మిగులునదేమి? దీనికి తోడు చదును చేయుట పేరిట బీడుల మీద మొరము తోలించుట, శ్మశానమునకును బాటలకును కలుపు తీయుటకు బదులు గడ్డిమందు కొట్టించుట ఎక్కువైనది. గడ్డిమందునకు విష్ణుక్రాంత యనియు ముండ్లతోటకూర యనియు భేదము లేదు. బాటను శుభ్రపరచవలదని మేము చెప్పుట లేదు. మందు కొట్టించుటకు ముందు ఒక ఉదయమున ఆ స్థలమును నడచి చూచి, నీలిపూలు కనబడిన మేర నాలుగు రాళ్ళు పాతి, అచ్చట కొడవలితోనే పని జరిపింపవచ్చును. ఇందుకు పంచాయతీకి అయ్యెడి వ్యయము లేదు.

పెంచదలచినవారు స్థలమును ఎంచుటలోనే సగము పని ముగింతురు. ఎఱ్ఱచలక, గరపనేల, ఇసుక కలిసిన మొరపనేల దీనికి తగినవి. రోజంతయు ఎండ తగులవలెను. నీరు నిలుచు పల్లము పనికిరాదు. నల్లరేగడిలో వేయదలచినచో జానెడు ఎత్తున మట్టిని, ఇసుకను కలిపి గట్టువలె పోసి దానిపై వేయవలెను. పంచాయతీ కార్యాలయము ముందు గులాబీలకని పెంటయెరువు దండిగా వేసి దినదినము నీరు పెట్టు మడి దీనికి శత్రువు. అట్టి మడిలో గరికయు తుంగయు దీనిని కప్పివేయును. ఎవరును పట్టించుకొనని మూల ఒకటి తోటలో నున్నచో దానిని దీనికి కేటాయించుట మేలు.

గింజల సేకరణకు కార్తికము మొదలుకొని అనుకూలము. కాయలు గోధుమరంగునకు తిరిగి కాడలు వంగినపుడు, విచ్చకముందే కోసి, కాగితముపై నీడలో ఆరబెట్టవలెను. బట్టపై ఆరబెట్టినచో గింజలు నూలుపోగులలో చిక్కుకొనును. అవి అంత చిన్నవి. ఒక మొక్క మీది కాయలన్నియు కోయరాదు. సగమైనను ఆ నేలకే వదలవలెను.

ఈ కుటుంబపు గింజలకు పైపొర గట్టిది. నీరు లోనికి దిగనిచో మొలకెత్తవు. కావున విత్తుటకు ముందు గింజలను గరుకు ఇసుకతో కలిపి రెండు అరచేతుల నడుమ కొంతసేపు రుద్ది, రాత్రి నీటిలో నానవేయవలెను. మృగశిర కార్తెలో వానపడి నేల చల్లబడిన తరువాత, అదే ఇసుకతో కలిపి మడిపై చల్లి, పైన పలుచగా మట్టి రాల్చవలెను. లోతుగా పూడ్చరాదు. అన్నియు ఒక్కసారి మొలవవు. కొన్ని వారముల తరువాతనో, మరుసటి వానలకో మొలచును. మొలకలు పైకి వచ్చిన తొలి దినములలో కలుపును చేతితోనే తీయవలెను, వానలు వెనుకబడినచో అప్పుడప్పుడు నీరు చిలకరింపవలెను. వేరు దిగిన పిమ్మట నీరు అడుగదు.

ముదిరిన మొక్కను బీడునుండి పెకలించి తెచ్చి నాటుట కంటె గింజ వేయుటయే మేలని మా అభిప్రాయము. తల్లివేరు గట్టినేలలో లోతుగా దిగియుండును. పెకలించునపుడు అది తెగును. రోడ్డు పనికో భవనమునకో త్రవ్వబోవు నేలలో మొక్కలున్నపుడు మాత్రము, వానపడిన మరునాడు, లేత మొక్కలను పారతో మట్టిగడ్డ సహా లేపి, ఆ పూటనే నాటవలెను.

పూజకు కోయుటలో ఒక్క నియమము చాలును. కొడవలితోనో కత్తెరతోనో కొమ్మ కొనలను మాత్రము కోయవలెను, వేరుమొదలు కదలరాదు. అట్లు కోసిన మొక్క పది దినములలోనే చిగుళ్ళు తొడుగుట మొదలిడును. బడిపిల్లలను పత్రికి పంపువారు ఈ మాట వారికి ముందుగా చెప్పి, ఒక మొక్కను చూపించి పంపవలెను. నీలిపువ్వును ఒకసారి చూపించినచో పిల్లలు పెద్దలకంటె త్వరగా పట్టుకొందురు.

పంచాయతీకి ఈ విషయమున చట్టరీత్యా కూడ కొంత అధికారము కలదు. 2002 సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ననుసరించి స్థానిక సంస్థలు జీవవైవిధ్య యాజమాన్య కమిటీలను ఏర్పరచవలెను. గ్రామస్థులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధపరచుట ఆ కమిటీల ముఖ్య విధియని 2004 సంవత్సరపు నియమములు తెలిపినవి. వాణిజ్యము కొఱకు తమ పరిధిలో మూలికలు మొదలగువానిని సేకరించువారి నుండి రుసుము వసూలుచేయు అధికారమును చట్టము ఆ కమిటీలకు ఇచ్చినది. సంచులతో వచ్చి బీడులో మొక్కలను సమూలముగా పెరుకువారిని ప్రశ్నించుటకు ఇది చాలిన ఆధారము.

రిజిస్టరులో విష్ణుక్రాంత పేరు వ్రాయునపుడు కేవలము పేరుతో సరిపెట్టరాదు. పేరే తికమకకు మూలమని పైన చెప్పితిమి. పువ్వు రంగు, పూయు వేళ, కణుపుల వద్ద వేరు దిగదను గుర్తు, మొక్క కనబడిన సర్వే నెంబరు, గ్రామములో పెద్దలు దానిని పిలుచు పేరు చేర్చవలెను. పూతతోనున్న కొమ్మ నొకదానిని పాత వార్తాపత్రికల నడుమ అదిమి ఎండబెట్టి, దళసరి కాగితముపై అంటించి, పాఠశాలలో నుంచుట మంచిది. రంగు వెలిసినను ఆకారము నిలిచియుండును. సేకరించిన గింజల పొట్లముపైనను గ్రామము పేరు, స్థలము, తేది వ్రాసి, తడి తగులని డబ్బాలో మృగశిర వరకు భద్రపరుపవలెను.