పాకం చూసే చెయ్యి

పెళ్లై వచ్చాక మూడు చలికాలాల పాటు మా మామయ్య నన్ను బెల్లం పాకం ముట్టనివ్వలేదు. పొయ్యిలోకి పిప్పి ఎగదొయ్యడం, పెనం మీద తేలిన మడ్డి తియ్యడం, అంతవరకే నా పని. నాలుగో ఏడు ఒక తెల్లవారుజామున గిన్నెలో చన్నీళ్లు పోసి, అందులో నాలుగు చుక్కలు పాకం వేసి, "ఏలెట్టి సూడమ్మా" అన్నారు. మెత్తగా విడిపోయింది. "ఇంకా రానేదు." కాసేపాగి మళ్లీ వేశారు. ఈసారి నీళ్లలోనే ఉండ కట్టింది. వేళ్ల మధ్య నలిగింది గానీ జారిపోలేదు. "అదీ" అన్నారు. ఆ "అదీ"కి ముందూ వెనకా ఉన్న తేడా ఏమిటంటే ఈ రోజుకీ నేను మాటల్లో చెప్పలేను. కాస్త ముందు దించితే దిమ్మ గట్టిపడదు, కాస్త ఆగితే మాడు వాసన.

మాది చోడవరం. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నాం గానీ, ఎవరైనా అడిగితే నోటికి విశాఖ జిల్లా అనే వస్తుంది. బడిలో సోషల్ చెబుతాను. సెలవు రోజుల్లో గానుగ దగ్గర ఉంటాను. ఆరో తరగతి పిల్లలకి ఆదిమానవుడి పాఠం చెప్పినప్పుడల్లా ఒక బొమ్మ చూపించాల్సి వస్తుంది. వంగి నడిచే కోతిలాంటి వాడితో మొదలై, మెల్లగా నిటారు అవుతూ, చివరికి ఈటె పట్టుకున్న మనిషి. శాస్త్రం ప్రకారమే ఆ బొమ్మ తప్పు. మన పూర్వీకులది ఒక్క వరస కాదు, కొమ్మలు కొమ్మలుగా చీలిన చెట్టు. చాలా కొమ్మలు మధ్యలోనే ఎండిపోయాయి. కానీ నాకు ఆ బొమ్మ నచ్చకపోవడానికి కారణం వేరు. అందులో అందరూ ముందుకే చూస్తారు. ఒక్కడైనా వెనక్కి తిరిగి, వెనక వస్తున్నవాడికి ఏదీ చూపించడు.

రెండు కాళ్ల మీద నడవడమే మనిషితనం అనుకుందామా? ఇథియోపియాలో 1974లో దొరికిన 'లూసీ' 32 లక్షల ఏళ్ల కిందటే నిటారుగా నడిచింది. మెదడు మాత్రం దాదాపు చింపాంజీదంతే. పనిముట్టు చెయ్యడమా? కెన్యాలోని లొమెక్వీలో 33 లక్షల ఏళ్ల నాటి రాతి పనిముట్లు బయటపడ్డాయి. మన హోమో ప్రజాతి ఎముకల్లో ఇప్పటివరకు దొరికిన వాటికన్నా అవి పాతవి. పైగా 1960లో జేన్ గుడాల్ గోంబే అడవిలో చూసిన చింపాంజీ గడ్డిపరకను పుట్టలోకి దూర్చి చెదలు పట్టుకు తింటోంది, రెమ్మకున్న ఆకులు దూసి పుల్ల తయారు చేసుకుంటోంది. అదీ పనిముట్టే.

ఇక మన దగ్గరి సంగతి. చెన్నైకి అవతల అత్తిరంపాక్కంలో శాంతి పప్పు, ఆమె బృందం ఏళ్ల తరబడి తవ్వి, అక్కడి రాతి చేగొడ్డళ్ల వయసు దాదాపు 15 లక్షల ఏళ్లని 2011లో లెక్క తేల్చారు. అరచేతిలో ఇమిడే, బాదంకాయ ఆకారపు రాళ్లు అవి. ఆఫ్రికాలో, ఇక్కడా కూడా పది లక్షల ఏళ్లకు పైగా అదే ఆకారం, దాదాపు మార్పు లేకుండా. నాకు మొదట ఇది చదివి విసుగేసింది. అన్ని వేల తరాల్లో ఒక్కడికీ ఇంకోలా చేద్దామని తోచలేదా అని. తర్వాత అనిపించింది, అన్ని వేల తరాల పాటు ఒక పని చెయ్యి జారకుండా వచ్చిందంటే, ప్రతి తరంలోనూ పక్కన కూర్చుని చూసిన పిల్లలు ఉండే ఉంటారు.

అదే అత్తిరంపాక్కంలో సుమారు 3 లక్షల 85 వేల ఏళ్ల కిందట పద్ధతి మారింది. ఈ సంగతి 2018లో వెల్లడైంది. కొత్త పద్ధతిలో రాయిని సరాసరి పనిముట్టుగా చెక్కరు. ముందు గుండ్రాయి చుట్టూ ఓపిగ్గా చిన్న చిన్న పెచ్చులు లేపి, దాన్ని తాబేటి చిప్పలా సిద్ధం చేస్తారు. చివర్లో ఒకే ఒక్క దెబ్బ. అప్పుడు ఊడిపడే పెచ్చే అసలు పనిముట్టు. ఆ చివరి దెబ్బ వరకు చూసేవాడికి ఏమీ అర్థం కాదు. ఇన్ని దెబ్బలు దేనికో, ఎక్కడ ఆపాలో పక్కవాడు చెప్పాలి. మా పాకం కూడా అంతే కదా.

ఇది నా ఊహే కాదు. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో బ్రిటన్ పరిశోధకులు 184 మందికి చెకుముకి రాయి నుంచి పెచ్చులు లేపడం నేర్పించి చూశారు. కొందరికి తయారైన పెచ్చులు మాత్రమే ఇచ్చారు, కొందరికి పక్కన కూర్చుని చూడనిచ్చారు, కొందరికి చెయ్యి పట్టి, కొందరికి సైగలతో, కొందరికి మాటలతో నేర్పించారు. ఊరికే చూసినవాళ్లు పెద్దగా మెరుగుపడలేదు. సైగలతో, మాటలతో నేర్చుకున్నవాళ్లు చాలా ముందుకెళ్లారు.

మూడేళ్ల కిందట దసరా సెలవులకి తోటి టీచర్లతో యాగంటి వెళ్లాను. తిరుగుదారిలో, ఎవరికీ ఇష్టం లేకపోయినా, బండిని జ్వాలాపురం వైపు తిప్పించాను. ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది ఆ ఊరు. అక్కడ జుర్రేరు లోయలో, మట్టి కింద, తెల్లటి బూడిద పొర. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలితే, సముద్రం దాటి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరొచ్చి పడిన బూడిద అది. నిజానికి ఆకాశం నుంచి పడింది కొన్ని అంగుళాలే. చుట్టుపక్కల గట్ల మీద పడినది వానలకు కొట్టుకొచ్చి లోయలో పేరుకుని, కొన్నిచోట్ల మనిషి ఎత్తు దాటింది. ఊళ్లోవాళ్లు దాన్ని తవ్వి, గిన్నెలు తోమే పౌడర్లలోకి అమ్ముకునేవారు. పరిశోధకులకు ఆ గోతులే తలుపులు తీశాయి.

మైకేల్ పెట్రాగ్లియా, కర్ణాటకకు చెందిన రవి కోరిశెట్టర్, వారి బృందం బూడిద పొరకు కింద, పైన కూడా తవ్వారు. రెండుచోట్లా రాతి పనిముట్లు ఉన్నాయి. రెండూ ఒకే పోలిక. తోబా పేలాక ఏళ్ల తరబడి చలి కమ్మేసి మనుషుల్లో చాలామంది తుడిచిపెట్టుకుపోయారన్న వాదన అప్పటికి బాగా నలిగింది. జ్వాలాపురం మాత్రం వేరే మాట చెప్పిందని వాళ్లు 2007లో 'సైన్స్' పత్రికలో రాశారు. ఆ పనిముట్లు చేసినవాళ్లు మనలాంటి మనుషులే కావచ్చనీ అన్నారు. దానికి ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. మన జాతి ఇక్కడికి వచ్చింది 50, 60 వేల ఏళ్ల కిందటే, ఆ రాళ్లు వేరే పాతజాతివి అని వారి వాదన. బూడిద కింద ఎముకలు దొరకలేదు కాబట్టి ఆ తగువు అంత తేలిగ్గా తెగదు.

నన్ను ఎముకల తగువు కన్నా బూడిదే ఎక్కువ పట్టుకుంది. ఆకులన్నీ తెల్లబడి, ఏరు తెల్లగా పారుతున్న ఆ లోయలో ఎవరో ఒకరు మళ్లీ గులకరాయి ఏరుకుని, కింద పొరలోవాళ్లు కొట్టినట్టే కొట్టారు. వాళ్ల మనవలో, బయటి నుంచి వచ్చిన కొత్తవాళ్లో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకున్న చెయ్యే అది.

మా పెనంలో కాగే రసంలో సున్నం వేస్తారు. వేస్తే మడ్డి పైకి తేలుతుంది. అలా వెయ్యాలని ముందు ఎవరు కనిపెట్టారని ఒకసారి మామయ్యని అడిగాను. "మా నాన్న ఏసీవోడు" అన్నారు. ఆయనకి ఎవరు చెప్పారు? "ఆళ్ల నాన్న." అలా వెనక్కి వెళితే ఎక్కడో పేరు లేని ఒకడు ఉంటాడు. చింపాంజీ పిల్ల గింజ పగలగొట్టడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. నేర్చుకున్నాక కూడా దాని చేతిలో ఉన్నది తల్లి చేతిలోని రాయి లాంటిదే. మా పెనం దగ్గర మాత్రం పేరు తెలియని వందమంది కనిపెట్టినవి ఒకేసారి ఉడుకుతుంటాయి. మామయ్యకి ఆ లెక్క అక్కర్లేదు.

జ్వాలాపురం గోతి అంచున రాలిన బూడిద చారెడు కాగితంలో కట్టి తెచ్చాను. ఇంటికి రాగానే మామయ్యకి చూపించి, డెబ్బై నాలుగు వేల ఏళ్ల నాటిదని చెప్పాను. ఆయన ఆ అంకె పట్టించుకోలేదు. చిటికెడు తీసి, పాకం చూసినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపారు.

"మెత్తగుంది గానీ లోపల గాజులా కోస్తంది" అన్నారు. నిజమే, అగ్నిపర్వతం బూడిదంటే గాజు పొడే. నేను పుస్తకంలో చదివింది ఆయన వేళ్లు చెప్పేశాయి.

తర్వాత అరుగు మీద ఫోన్ చూసుకుంటున్న మా చిన్నాణ్ని పిలిచారు. "ఒరే, ఇటు రా. ఏలెట్టి సూడు."