తెగిన పోగు, చెదరిన మనస్సు

చదువుకొనడానికి కూర్చున్న విద్యార్థి కన్నులు పుస్తకం మీదనే ఉంటవి. మనస్సు మాత్రం ఆ పుటను విడిచి ఎప్పుడు వెళ్ళిపోయినదో అతనికే తెలియదు. నాలుగు పేరాలు దాటిన తరువాత చదివినదేమిటని తన్ను తాను ప్రశ్నించుకొంటే సమాధానం దొరకదు. దీనిని ఉపాధ్యాయుడు అశ్రద్ధ అంటాడు, తల్లిదండ్రులు సోమరితనమంటారు, విద్యార్థి తనకు తెలివి లేదనుకొంటాడు. ఈ మూడు తీర్పులలోను మూడవది మిక్కిలి ప్రమాదకరమైనది. ఏమనగా, అట్లా అనుకొన్న పిల్లవాడు ప్రయత్నమే మానివేస్తాడు.

ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతపనివారి సహకార సంఘాన్ని నెలకొల్పిరి. మగ్గం చప్పుడు విని పెరిగిన పిల్లలకు ఏకాగ్రతను గురించి చెప్పడానికి వేరే ఉపమానం అక్కరలేదు. ఎంతటి నేర్పరికైనా పడుగులో పోగు తెగక మానదు. తెగినప్పుడు నేతగాడు నాడె ఆపి, కొసలు వెదకి, ముడివేసి, మరల నేత సాగిస్తాడు. పోగు తెగినందుకు తన్ను తాను నిందించుకొనడు. తెగినది గమనించక ముందుకు పోయినప్పుడే గుడ్డలో లోపం నిలిచిపోతుంది.

మనస్సు విషయమూ ఇంతే. ఏకాగ్రత అనగా మనస్సు ఎన్నడూ చెదరకుండుట కాదు; చెదరినదని త్వరగా గుర్తించి, మరల తెచ్చి నిలుపుకొనుట. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో ప్రకటించిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో, చెదరిన ధ్యాసను మరల మరల వెనుకకు తెచ్చుకొనగల శక్తియే వివేకానికీ, శీలానికీ మూలమని చెప్పినాడు. మనస్సును నిగ్రహించుట గాలిని పట్టుకొనుట వంటిదని మొరపెట్టుకొన్న అర్జునునికి, భగవద్గీత ఆరవ అధ్యాయంలో కృష్ణుడు చూపిన మార్గం అభ్యాస వైరాగ్యాలే గదా! అది కష్టమని ఆయనా కాదనలేదు.

అయితే కష్టమంతయు విద్యార్థి మనస్సులోనే ఉన్నదనుట న్యాయం కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల పల్లెలనుండి, వర్షాలు ముఖం చాటువేసిన ఏడాది, కుటుంబాలు కుటుంబాలే సుగ్గికి తరలిపోతవి. గుంటూరు సీమలో పత్తి తీయడానికీ, మిరపకాయలు కోయడానికీ తల్లిదండ్రులు వెళ్ళేటప్పుడు పిల్లలనేకులు వారి వెంట పోవలసివస్తుంది. నెలల తరువాత తిరిగివచ్చి తరగతిలో కూర్చున్న బాలునికి భిన్నాలు తెలియకుండ బీజగణితం ఎదురవుతుంది. పట్టు దొరకని విషయం మీద మనస్సు నిలువదు. ఆ బాలుని చూపు కిటికీ వైపు మరలినదంటే అది అశ్రద్ధ కాదు. అతని పోగు ఎక్కడనో వెనుక తెగి ఉన్నది. ఆ తెగిన చోటు వెదకి, అక్కడనుండి పాఠం చెప్పడమే దానికి మందు. నిద్ర చాలని వానికి, ఆకలితో ఉన్నవానికి ఏకాగ్రతను బోధించుటయూ వ్యర్థమే.

ఇక సాధారణ విద్యార్థి చేయదగిన పనులు కొన్ని ఉన్నవి.

మొదటిది, కూర్చొనుటకు ముందటి సిద్ధత. ఆదోని జిన్నింగు మిల్లులలో గింజను వేరుచేసిన పిదపనే గదా దూది నూలుకు పనికివచ్చేది. అట్లే పుస్తకం తెరువక ముందే సెల్‌ఫోనును వేరొక గదిలోనో, పెద్దల చేతిలోనో ఉంచవలెను. ఒక పని నడుమ మరియొక పనికి మారినప్పుడు మొదటి పని తాలూకు శేషం మనస్సులో మిగిలి, రెండవదానిని కుంటుపరచునని సోఫీ లెరాయ్ 2009లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. ఒక్కసారి ఫోను చూచిన నష్టం ఆ ఒక్క నిమిషంతో తీరదు.

రెండవది, కాలపరిమితి. రాడారు తెరలను కనిపెట్టి ఉండే సైనికుల అప్రమత్తత ఎంతకాలం నిలుచునో నార్మన్ మాక్‌వర్త్ పరీక్షించినాడు. అరగంట గడచునప్పటికే వారు గుర్తించవలసిన సంకేతాలను తప్పిపోనిచ్చుట అధికమైనదని 1948లో వెల్లడించినాడు. పెద్దల స్థితియే ఇట్లుండగా, పిల్లవానిని మూడు గంటలు కదలకుండ చదువుమనుట తగదు. ఇరువదియైదు నిమిషాలు చదివి, అయిదు నిమిషాలు లేచి తిరిగి, మరల కూర్చొనుట మేలు.

మూడవది, ప్రక్కన ఒక చిత్తుకాగితం. చదువు నడుమ తోచిన ఇతర విషయాన్ని దానిమీద ఒక్క మాటగా వ్రాసి ఉంచితే, మరచిపోదుమేమో అన్న బెంగ తీరి మనస్సు పాఠానికి తిరిగివస్తుంది.

నాలుగవది, పుస్తకం మూసి చదివినదానిని తలచుకొనుట. 2006లో రోడిగర్, కార్పికీ అనే శాస్త్రజ్ఞులు జరిపిన ప్రయోగంలో, పాఠాన్ని మరల మరల చదివినవారికంటె, చూడకుండ జ్ఞాపకం చేసుకొని వ్రాసినవారికే వారం రోజుల తరువాత ఎక్కువగా గుర్తున్నది. ఒక పుట చదివి, మూసి, మూడు వాక్యాలు సొంతంగా వ్రాయబూనిన విద్యార్థికి మనస్సు ఎక్కడ జారినదో వెంటనే తెలిసిపోతుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పాఠం నడుమ, “ఎక్కడ చూస్తున్నావురా?” అని గద్దించుటకు మారుగా, “ఇంతవరకు విన్నదానిలో నీకు తెలిసినదేదో చెప్పు నాయనా” అని అడిగి చూడవలెను. మొదటి ప్రశ్నకు పిల్లవాడు తల వంచుకొంటాడు. రెండవదానికి అతడు చెప్పిన కొద్దిపాటి మాటలోనే, ఎక్కడ ముడి వేయవలెనో ఉపాధ్యాయునికి తెలియగలదు. పరీక్షలు దగ్గరపడిన తరువాత కాక, సుగ్గినుండి పిల్లలు తిరిగివచ్చిన మొదటి వారంలోనే ఈ పని జరిగినట్లయితే, బడి మానివేయ తలచిన వారిలో కొందరైనా నిలుతురు.